జేబు మీద నీలి కుట్టు

ఐదు వేళ్లూ ఒక్కలా ఉంటాయా అని ప్రసంగంలో మీరలా అనేశారు, హాలంతా చప్పట్లు కొట్టేసింది! నేనూ కొట్టాను గురువుగారూ, అబద్ధమెందుకు. కొట్టాక ఇంటికొచ్చి నా చేతులు నేనే చూసుకుంటూ కూర్చున్నాను. అయ్యో, కదలకండి! భుజం మీద నాలుగు గుండుసూదులున్నాయి.

అది కాదండీ. ఆదివారం నుంచీ ఈ మాట లోపల గిర్రున తిరుగుతోంది. మీరెలాగూ కోటు ట్రయల్‌కి వస్తారు, అప్పుడు అడుగుదాంలే అనుకున్నా. ఒళ్లంతా సూదులు పెట్టాక మనిషి ఎక్కడికి పారిపోతాడు చెప్పండి? నవ్వకండి, నవ్వితే ఛాతీ దగ్గర కొలత మారిపోతుంది.

వేళ్ల సంగతి నాకు చెప్తారా? ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ పదివేళ్లే నన్ను సాకుతున్నాయి. మధ్యవేలు పొడుగు, చిటికెనవేలు పొట్టి, బొటనవేలికి పొగరు. అన్నీ నిజమే. కానీ ముద్ద తీసి నోట్లో పెట్టుకునేటప్పుడు ఎప్పుడైనా చూసుకున్నారా? పొడుగుది కాస్త ఎక్కువ వంగుతుంది, పొట్టిది తక్కువ వంగుతుంది, ఐదూ వచ్చి ఒక్కచోట కలుస్తాయి. ‘చిటికెనవేలూ, నువ్వెళ్లి పక్క వరసలో నిలబడు, నీ తిండి వేరు’ అని ఏ చెయ్యైనా అందా ఇంతవరకూ?

ఆఁ? ఉదాహరణకి చెప్పానంటారా? మీరు ఉదాహరణకే చెప్తారండీ. విన్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లి వాడుకుంటారు. అదీ చిక్కు.

కుడిచెయ్యి కాస్త ఎత్తండి. చాలు. చూశారా, మీ కుడి భుజం ఎడమదానికన్నా అరంగుళం కిందికుంది. సంచీ మోసి కాదు, పుట్టుకే. నేను కొలిచినవాళ్లలో రెండు భుజాలూ సమానంగా ఉన్న మనిషిని ఒక్కణ్ణి చూడలేదు. జడ్జీగారిని కొలిచాను, ఆయన కారు కడిగేవాణ్ణీ కొలిచాను. ఇద్దరికీ వంకరే. కారు కడిగేవాడిదే కాస్త నయం.

ఈ తేడా దేవుడిదే. ఒప్పుకుంటాను, రాసిమ్మన్నా ఇస్తాను. దీనితో నాకు పేచీ ఏముంది? అందర్నీ ఒకే అచ్చులో పోసి ఉంటే ఫ్యాక్టరీవాళ్లే అందరికీ కుట్టేసేవాళ్లు, నేను అడుక్కుతినేవాణ్ణి. భుజం వాలినచోట కాస్త దూది పెడతాను. పొట్ట ఉంటే గుడ్డ వదులుతాను. అంతేగానీ, నీ భుజం వంకర కాబట్టి నువ్వు వాకిట్లో కూర్చో అని ఎవరికీ చెప్పలేదు. మనిషినిబట్టి గుడ్డ సర్దుతాం మేం. గుడ్డనిబట్టి మనిషిని సర్దం.

అబ్బ, ఎంత గొప్పగా చెప్పాను! మీ పక్కన నిలబడి నాకూ ప్రసంగం అంటుకుంది.

సరే, అసలు సంగతికొస్తా. ఇవాళ నాలుగింటికి మీరు స్కూలుకి వెళ్తున్నారు కదా? హెడ్‌మిస్ట్రెస్ పిలిచారు కదా, ఒక పిల్లకి నచ్చజెప్పమని? తొమ్మిదేళ్ల పిల్ల, మొండిఘటం, పొద్దున ప్రార్థనలో అందరూ చేతులు జోడిస్తే అదొక్కత్తీ వెనక్కి కట్టుకుని నిలబడుతోంది, సోమవారం కూడా అలాగే నిలబడితే సీటు తీసి ఇంకొకరికి ఇచ్చేస్తారు... ఆ పిల్లే కదా?

అది నా మనవరాలు.

తెలీదా? ఎలా తెలుస్తుందిలెండి, ఇంటిపేరు వేరు. మా అమ్మాయి కూతురు. మా అల్లుడు పని వెతుక్కుంటానని వెళ్లి ఆరేళ్లయింది, ఇంకా వెతుక్కుంటున్నాడు. మా అమ్మాయి బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ దగ్గర నిలబడుతుంది. తెల్లారకముందే వెళ్తే పొద్దుగూకాక వస్తుంది, వచ్చేసరికి కాళ్లు వాచిపోయి ఉంటాయి. కాబట్టి పిల్ల నా దగ్గరే. స్కూలు వదలగానే ఈ కొట్టుకే వస్తుంది. ఈ బల్లకింద కూర్చుని హోంవర్కు చేసుకుంటుంది, అయస్కాంతం పెట్టి కిందపడిన సూదులన్నీ ఏరుతుంది. పిచ్చుక అంటాం దాన్ని. ఒక్కచోట కుదురుండదు, నోరు మూతపడదు.

ఆ నోరే మూతపడింది ఇప్పుడు. ప్రార్థనలో.

ఎందుకో మీకు చెప్పారా? ‘క్రమశిక్షణ లేదు’ అని చెప్పి ఉంటారు. ‘ఇంట్లో పెద్దవాళ్లు లేరు’ అనీ చెప్పి ఉంటారు. నేనున్నాగా? ఐదడుగుల ఆరంగుళాలున్నా!

కాలరు దగ్గర బిగుతుగా ఉందా? లేదా? తల అడ్డంగా ఊపకండి, నోటితో చెప్పండి. సరే, చెప్పొద్దు, నేనే చూస్తా.

ఆ స్కూల్లో మధ్యాహ్నం భోజనం రెండు రకాలండీ. ఫీజు కట్టే పిల్లలకి హాల్లో వేడివేడిగా వడ్డిస్తారు. ఉచిత సీటు పిల్లలకి దాతలెవరో పంపించే పొట్లాలొస్తాయి, వరండాలో ఇస్తారు. దాతలు మంచివాళ్లే. పొట్లంలో తిండీ తిండే. మా పిచ్చుకకి చీటీలు తీస్తే ఉచిత సీటొచ్చింది. ఆ చీటీ వచ్చినరోజు మా అమ్మాయి వాచిన కాళ్లతోనే గంతులేసింది.

మరి వరసలో నిలబడిన నాలుగువందల మందిలో ఎవరిది హాలు, ఎవరిది వరండా? వడ్డించేవాళ్లకి ఎలా తెలియాలి? అందరికీ ఒకే తెల్లచొక్కా, అదే నీలం లాగూ, అదే నీలం స్కర్టు. అందుకని ఒక గుర్తు. ఉచితం పిల్లల చొక్కాకి జేబు పై అంచు ఉంటుంది చూశారా, అక్కడ అందరికీ తెల్లదారంతో కుట్టు పడుతుంది. వీళ్లకి నీలం దారం. రెండు వరసలు. అంతే. దూరం నుంచి చూస్తే తెలీను కూడా తెలీదు. నాలుగేళ్లుగా నడుస్తోంది. ఆ చొక్కాలన్నీ కుట్టేది నేనే. అదిగో, ఆ మూటలో ఉన్నవి అవే.

మా పిల్ల చొక్కాకీ నేనే కుట్టాను.

చెయ్యాడలేదండీ. కుట్టకపోతే ఏమవుతుంది, తాతనే కదా, ఒక్క చొక్కా వదిలేస్తే ఎవరడుగుతారు అనుకున్నా. కానీ వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది, నలభై మూడు పొట్లాలని. కుట్టు లేకపోతే వరండాలో పొట్లం ఇవ్వరు, ఫీజు కట్టలేదని హాల్లో వడ్డించరు. రెంటికీ చెడుతుంది. అందుకే కుట్టాను. అన్నిటికన్నా దానిదే బాగా కుట్టాను, ఒక్క కుట్టు వంకరపోకుండా. ‘తాతా, ఇదేంటి నీలంగా ఉంది’ అంటే ‘అందానికే తల్లీ’ అన్నా.

పదిరోజులైంది. పదకొండోరోజు అందం సంగతి తెలిసిపోయింది. ‘నీలం బ్యాచ్’ అంటారట వాళ్లని. ఆటల్లో నీలం బ్యాచ్ ఆఖర్న. బల్లమీద నీలం బ్యాచ్ చివర్న. ఎవరి పెన్సిల్ పోయినా ముందు నీలం జేబులు వెతుకుతారట. పిల్లలు కదండీ, పెద్దవాళ్లు ఏం చేస్తారో చూసి ఇంకాస్త శుభ్రంగా చేస్తారు.

మా పిచ్చుక ఏం చేసిందో తెలుసా? ఏడవలేదు. నా బ్లేడు తీసుకుని ఆ నీలం దారం మొత్తం విప్పేసి, రీల్లోంచి తెల్లదారం తీసి చేత్తో కుట్టుకుంది. తొమ్మిదేళ్లదండీ! నా దగ్గర పనికొచ్చిన పెద్దవాళ్లెవరూ మొదటి ఏడాది అంత బాగా కుట్టలేదు. కుట్టుకుని, ఏమీ తెలీనట్టు వెళ్లి హాలు వరసలో నిలబడింది.

కానీ దానికి తెలీని సంగతొకటుంది. కుట్టు విప్పినా సూది పడిన చిల్లులు పోవు. రెండు ఉతుకులు పడితేగానీ కలవవు. వడ్డించే ఆవిడకి అనుమానమొచ్చి, జేబు పట్టుకుని వేలితో రాసి చూసిందట. అందరి ముందూ. ‘నువ్వు అటు పో’ అందట.

అంతే. కొట్టలేదు, తిట్టలేదు. ‘అటు పో’ అంది.

ఆ సాయంత్రం కొట్టుకొచ్చి బల్లకింద కూర్చోలేదు. ఇక్కడ, ఇప్పుడు మీరు నిలబడ్డచోటే నిలబడింది.

‘తాతా, ఈ కుట్టు ఎవరు పెట్టారు?’ అంది.

‘నేనే కదే కుట్టాను’ అన్నా.

‘కుట్టింది నువ్వే. పెట్టమంది ఎవరు?’

‘పైవాళ్లు.’

‘పైవాళ్లంటే?’

‘హెడ్‌మిస్ట్రెస్.’

‘ఆవిడకెవరు చెప్పారు?’

‘కమిటీవాళ్లు.’

‘కమిటీవాళ్లకి?’

‘పొట్లాలు పంపే దాతలు.’

‘దాతలకి డబ్బులున్నాయి, మనకెందుకు లేవు? అదెవరు పెట్టారు?’

గురువుగారూ, పిల్లలతో ఇదే గొడవ. పెద్దవాళ్లైతే రెండో మెట్టు దగ్గర ఆయాసమొచ్చి ఆగిపోతారు. పిల్లలు ఎక్కుతూనే ఉంటారు. ఎక్కించి ఎక్కించి నాకు ఇక మెట్లు మిగల్లేదు. పైన ఇక ఆయనొక్కడే ఉన్నాడు.

‘దేవుడు పెట్టాడమ్మా’ అన్నా. ‘కొందర్ని అలా పుట్టిస్తాడు, కొందర్ని ఇలా పుట్టిస్తాడు. ఐదు వేళ్లూ ఒక్కలా ఉంటాయా?’ అన్నా.

అవునండీ, నేనూ అదే అన్నా! అందుకే ఆదివారం మీరు ఆ మాటంటే నాకు గుమ్మడికాయల దొంగ అన్నట్టైంది, భుజాలు తడుముకున్నా.

మా పిచ్చుక మాత్రం, ‘ఓహో, ఆయనా’ అంది. పక్కవీధిలో మనకి గిట్టనివాడి పేరు చెప్తే అంటాం చూడండి, అలా అంది. మర్నాటి నుంచి ప్రార్థనలో చేతులు వెనక్కి. టీచరు అడిగితే, ‘ముందు ఆయన్ని ఈ కుట్టు విప్పమనండి, తర్వాత దండం పెడతా’ అందట. ఇవాళ్టికి ఆరోరోజు.

నవ్వొస్తోందా? నాకూ మొదట వచ్చింది. తర్వాత రాలేదు.

ఇటు తిరగండి. వీపు దగ్గర ముడత పడుతోంది. నిలబడటంలో ఏదో తేడా ఉంది మీకు, ఊపిరి బిగబట్టారు. వదిలెయ్యండి. దేవుడి గురించి మాట్లాడుతుంటే ఊపిరి బిగబట్టకూడదు, కోటు పాడవుతుంది.

ఇప్పుడు మీరు వెళ్లి దానికేం చెప్తారు? అదీ నా బెంగ. ‘దేవుడు ఏంచేసినా మన మంచికే’ అంటారు. అది ఊరుకుంటుందా? ‘అయితే హాల్లోవాళ్ల మంచికి ఏంచేశాడు?’ అంటుంది. ‘ఇదంతా పరీక్షమ్మా’ అంటారు. ‘మరి వాళ్లకెందుకు లేదు పరీక్ష, వాళ్లూ అదే క్లాసు కదా’ అంటుంది. నేను పెంచిన పిల్లండీ, నాకు తెలీదా?

దాని మాటలో తప్పుందా, మీరే చెప్పండి. నేను కోటు కుడతాను. మెడ దగ్గర ఎత్తుకుపోతే ఎవరి దగ్గరికి తెస్తారు? నా దగ్గరికే తెస్తారు. నేను కళ్లజోడు పెట్టుకుని చూస్తాను, ‘పొరపాటైందండీ, ఇటివ్వండి’ అంటాను. పైసా తీసుకోకుండా విప్పి కుడతాను. ‘మెడ ఎత్తుకుపోవడంలో ఏదో పరమార్థముంది, వేసుకు తిరగండి’ అంటే ఊరుకుంటారా మీరు? కొట్టుకి తాళం వేయిస్తారు. మరి కుట్టినవాడికి ఆ మాత్రం బాధ్యత ఉన్నప్పుడు, పుట్టించినవాడికి ఉండొద్దా? ఆల్టరేషన్‌కి మనిషిని ఎక్కడికి తీసుకెళ్లాలి? ఏ కౌంటర్లో ఇవ్వాలి?

ఎదురుకొట్లో ఇస్త్రీ చేసేవాణ్ణి అడిగాను. వాడికి దేవుడూ లేడు, దెయ్యమూ లేదు. ‘లేనివాడి మీద అలిగింది నీ మనవరాలు’ అని నవ్వాడు. నాకు ఒళ్లుమండింది. లేకపోతే ఇంకా కష్టం కదండీ. లేకపోతే ఎవరి మీద పెట్టాలి? మళ్లీ మెట్లన్నీ దిగి కిందికి రావాలి.

ఆఁ. కిందికి.

ఏంటలా చూస్తున్నారు అద్దంలో? నేనేమన్నాను?

సరే, ఈ సంగతి కూడా వినండి. మొన్న సోమవారం హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్లాను. అమ్మా, ఆ నీలం కుట్టు ఎత్తేద్దామమ్మా, పిల్లలు చిన్నబోతున్నారు అన్నా. ఆవిడ మంచిదేనండీ, కుర్చీ వేయించింది, మంచినీళ్లిచ్చింది. ‘అదేంటి మాస్టారూ, ఇంత చక్కగా నడుస్తుంటే! ఇంకో రెండు స్కూళ్లవాళ్లు చూసి వెళ్లారు, వాళ్లకీ అలాగే కుట్టించుకుంటారట, మీ పేరే చెప్పాను’ అంది. పిల్లలు ఏదో ఒకటి అనుకుంటున్నారమ్మా అంటే, ‘అనుకుంటే అనుకుంటారు, ఆ తేడాలు మనం పెట్టినవా? దేవుడు పెట్టినవి’ అంది.

చూశారా? ఆవిడా ఆయన మీదకే తోసింది. తిలాపాపం తలా పిడికెడు అంటారుగానీ, మాకెవరికీ పిడికెడు కూడా అంటలేదు. మొత్తం ఆయన నెత్తినే కుమ్మరించాం.

‘మీ పేరే చెప్పాను’ ఎందుకందో అడగరేం?

అడిగారు. కళ్లతో అడిగారు. నాకు కొలతలే కాదు, చూపులు కూడా తెలుస్తాయి.

ఉండండి, ఈ సుద్ద గీత గీసేసి చెప్తాను. గీత వంకరపోయింది. వయసు. కాదు, వయసు కాదు.

నాలుగేళ్ల క్రితం ఈ కుట్టు లేదండీ. అప్పుడు గుమస్తా ఒకాయన వచ్చి వరస ముందు నిలబడి చీటీ చూసి గట్టిగా పేర్లు చదివేవాడు. ‘ఉచితం పిల్లలు ఇటు రండి’ అని. ఒక్కొక్క పేరే. పేరు వినబడ్డ పిల్ల తలదించుకుని వరసలోంచి బయటికి రావాలి. ఆ టైముకి మరుగుదొడ్లో దాక్కునేవాళ్లట కొందరు, తిండి మానేసి. హెడ్‌మిస్ట్రెస్‌కి అది చూసి కడుపు తరుక్కుపోయింది. నిజంగానే. నేను పిల్లల కొలతలు తీసుకోడానికి వెళ్తే, నా ముందే కళ్లు తుడుచుకుంది. ‘ఎవరికీ తెలీకుండా, వడ్డించేవాళ్లకి మాత్రమే తెలిసేలా ఏదైనా దారుంటే బాగుండు మాస్టారూ’ అంది.

ఆవిడ నన్ను అడగను కూడా అడగలేదండీ! ఊరికే అనుకుంది. పైకి అనుకుంది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు? ‘నాకొదిలెయ్యండమ్మా’ అన్నాను.

రెండు రోజులు ఇదే పని. గుండీ మార్చి చూశాను, ఊడిపోతే చిక్కు. కాలరులో పెట్టి చూశాను, మరీ కనబడుతోంది. చివరికి జేబు అంచు తట్టింది. పెద్దవాళ్లెవరూ పిల్లల జేబు వంక చూడరు కదా, తెలిసినవాళ్లే చూస్తారు. నీలం దారం, రెండు వరసలు. ఒక నమూనా కుట్టి పట్టుకెళ్లాను. ఆవిడ వేలితో తడిమి, ‘ఎంత బాగా ఆలోచించారు మాస్టారూ! ఇక ఏ పిల్లకీ సిగ్గుపడే అవసరం లేదు’ అంది. నేను కాలరెగరేసుకుంటూ ఇంటికొచ్చాను. ఆ రోజు దారిలో కనబడ్డవాళ్లందరికీ చెప్పాను.

పిల్లలు రోజంతా ఒకరి జేబులో ఒకరు చెయ్యిపెట్టేవాళ్లే కదండీ! పెన్సిల్ ముక్కైనా, గోళీ అయినా, సగం కొరికిన చాక్లెట్ అయినా అక్కడే. వాళ్ల లోకమంతా ఆ జేబులోనే ఉంటుంది. అంతకాలం నేను చేసిన పనేంటి? పిల్లల జేబులు కుట్టడమే. ఎన్ని వేలు కుట్టి ఉంటాను! నాకే తట్టలేదు. తడితే ఆ పెద్దమనిషి పేరు ఎక్కడ దక్కేది?

అంతకుముందు పేర్లు చదివేది ఒక్క పూట. నేను దాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుండె మీద కుట్టి పంపించాను.

మొదటి ఏడాదే తెలిసింది నాకు, నీలం బ్యాచ్ అంటున్నారని. అబద్ధం ఎందుకు. వేరే పిల్లల తాతలు, తల్లులు వచ్చి ఇక్కడ నిలబడి చెప్పారు. నేనేమన్నానో తెలుసా? ‘పైవాళ్ల ఆర్డరండీ, నా చేతుల్లో ఏముంది’ అన్నాను. మూడేళ్లు అదే అన్నాను. మా పిచ్చుక ఆ స్కూల్లో చేరి పదకొండు రోజులైతేగానీ నాకు దిగులు పుట్టలేదు. ఇదీ నా మంచితనం.

మీరేమంటున్నారు? నిజం చెప్పెయ్యమంటారు. అంతే కదా? మనవరాలికి నేనే చెప్పేస్తే, దేవుడు పెట్టలేదమ్మా, మీ తాతే పెట్టాడు అంటే, సోమవారం శుభ్రంగా చేతులు జోడిస్తుంది, సీటు నిలుస్తుంది. చాలా తేలిక. నేను ఆలోచించలేదనుకున్నారా?

మరి కోపం ఎక్కడికి పోతుందండీ? ఆరురోజులుగా దేవుడి మీద నిలబడి ఉన్న కోపం గాల్లో కలిసిపోతుందా? ఆయన మీంచి దిగి సరాసరి ఈ కొట్టుకే వస్తుంది.

దాని కోపం ఎలా ఉంటుందో మీరు చూడలేదు. వాళ్ల నాన్న వెళ్లినప్పుడు దానికి మూడేళ్లు. ఈ మధ్య ఆయన ఫోన్ చేసి నాన్ననమ్మా అంటే, ‘రాంగ్ నంబర్’ అని పెట్టేసింది. ఏడుపు లేదు, గొడవ లేదు. మనిషిని అలా కొట్టేసింది, అంతే.

దేవుడి మీద కోపం పెరిగినకొద్దీ నా మీద ప్రేమ ఎక్కువైంది దానికి. అదీ నన్ను చంపుతోంది. నిన్న ఈ మూటలో చొక్కాలు కుడుతుంటే వచ్చి నా మోకాలి మీద చెయ్యి వేసింది. ‘పాపం తాతా, నీచేత కూడా ఆయనే కుట్టిస్తున్నాడు కదా’ అంది. పొట్లంలో వచ్చిన బిస్కెట్ సగం విరిచి దాచి తెచ్చింది నాకు. తిన్నానండీ. ఏం చెయ్యమంటారు? దాని ఎదురుగానే, నమిలి మింగాను. మింగి, మళ్లీ మిషన్ తొక్కాను. నీలం దారమే.

మానెయ్యొచ్చు కదా అంటారు. మానేస్తే ఇంకో టైలర్ కుడతాడు. ఇదొక మాట నేర్చుకున్నాను చూడండి, ఎవరికైనా పనికొస్తుంది.

కోటు బాగా వచ్చింది. అద్దంలో చూసుకోండి, ఆ అరంగుళం వంకర ఎవడైనా కనిపెడితే నేను ఈ పని మానేస్తాను. ఈ కోటేసుకుని మాట్లాడితే ఎవరైనా నమ్ముతారు.

టైమెంతైంది? మూడున్నరా? ఇక బయల్దేరాలి మీరు.

గురువుగారూ, ఒక్కమాట. ఇందాకట్నుంచీ మిమ్మల్ని నిలదీసింది నేనే. దేవుడు ఈ తేడాలు పెట్టలేదని మీరు నమ్మినా సరే, పెట్టాడని నమ్మినా సరే. ఇవాళ్టికి ఆయన మీదే ఉంచెయ్యండి. పొరపాటైందమ్మా ఆయనకి, పెద్దవాడు, పనెక్కువ, చూసుకోలేదు, క్షమించెయ్యి అని చెప్పండి. మీరు చెప్తే వింటుంది. పెద్దమనసు దానికి, ఒప్పుకున్నవాణ్ణి క్షమిస్తుంది. చేతులు జోడిస్తుంది, సీటు ఉంటుంది, చదువుకుంటుంది.

నా ఊసు ఎత్తకండి.

అలా చూడకండి, తప్పే. తప్పని తెలిసే అడుగుతున్నా. ఆయనకి కోట్లమంది పిల్లలు. ఒకత్తి మొహం తిప్పుకుంటే ఆయన గుమ్మం బోసిపోదు. నాకున్నది అదొక్కత్తే. ఎవరెవరి తప్పులో ఇన్నేసి మోశాడు ఇన్నాళ్లూ, కిక్కురుమన్నాడా? ఇదొక్కటీ మోస్తాడు లెండి. అలవాటైన మనిషే.